మా ఇంటికి నాలుగోసారి వచ్చిన సినిమా

దెయ్యం సినిమా అంటే నాకు చచ్చేంత భయం. దెయ్యమంటే మాత్రం లేదు. ఈ మాట చెబితే అందరూ నవ్వుతారు. సినిమాలో దెయ్యాన్ని మనల్ని భయపెట్టడానికే పనిగట్టుకుని తయారుచేస్తారు కాబట్టి భయపడతాను. బయట దాన్ని నాకెవరూ చూపించలేదు, నేనెప్పుడూ నమ్మలేదు. ఇరవై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నాను. "పోయినేడాది కొలతే" అని చెప్పేవాళ్ళకి కూడా మళ్ళీ టేపు పెట్టి చూసేదాన్ని. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడాను.

మాది విశాఖపట్నంలో పాత ఊరు. మా ఆయన అప్పలరాజు నా సొంత మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ తర్వాతా నాకు బావే. వాళ్ళది చేపలవేట కుటుంబం. బావ మాత్రం వల వదిలేసి సరుకు ఓడల్లో ఫిట్టరుగా చేరాడు. ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ళ మీద, మిగతా మూడు నెలలు మా ఇంట్లో.

పెళ్ళైన కొత్తలో పూర్ణా మార్కెట్ దగ్గర వీడియో షాపులో ఒక ఇంగ్లీషు దెయ్యం సినిమా క్యాసెట్ అద్దెకు తెచ్చాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పాత బంగళా, మేడ మెట్లు, పైన మూసిన గది. ఆ గది తలుపు తెరుచుకుని ముసలిదాని మొహం కనిపించే ముందు నేను కళ్ళు గట్టిగా మూసేసుకున్నాను.

"అయిపోనాదే, కళ్ళు తియ్యి" అన్నాడు.

తీశాను. మొహం తెర నిండా ఉంది. నా కేకకి పక్కింటివాళ్ళు వచ్చి తలుపు కొట్టారు. బావ నేల మీద పడి నవ్వాడు.

ఆ క్యాసెట్ ఇక వెనక్కి వెళ్ళలేదు. షాపువాణ్ణి బతిమాలి కొనేశాడు. కొన్నాళ్ళకి ఏదో రేవులో దిగినప్పుడు అదే సినిమా రెండు సీడీల్లో తెచ్చాడు. తర్వాత డీవీడీ. ప్రతిసారీ "ఈపాలి బొమ్మ బాగుంటాదే" అనేవాడు. ఇంటికొచ్చిన మొదటి ఆదివారం మధ్యాహ్నం, ఎండ పడకుండా కిటికీకి నా లైనింగు గుడ్డ కట్టి, ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూడాలి. బావ లేకుండా ఆ సినిమా వెయ్యకూడదు. అదే మా ఇంటి పండగ.

ప్రతిసారీ అదే అబద్ధం. "అయిపోనాది" అన్నాక పది లెక్కపెట్టి కళ్ళు తెరవడం నేర్చుకున్నాను. అది కనిపెట్టి, రిమోటుతో సరిగ్గా ఆ మొహం దగ్గర బొమ్మ ఆపేసి కూర్చునేవాడు. పది కాదు, వంద లెక్కపెట్టినా అది అక్కడే ఉండేది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు నిజం చెప్పలేదు.

ఆఖరిసారి ఇంటికి వచ్చినప్పుడు పెద్ద టీవీ, కొత్త ప్లేయరు కొనిపెట్టి వెళ్ళాడు. తర్వాత ఒక రేవు నుంచి ఫోన్ చేశాడు.

"ఫోర్‌కే డిస్కు దొరికినాదే. దాని మొకం మీద ముడతలు కూడా లెక్కెట్టొచ్చంట. ఈపాలైనా కళ్ళు తెరిసి సూత్తావా?"

"నువ్వు నిజం సెప్తే సూత్తాను బావా."

"సెప్తాన్లే. ఈసారి నిజమే సెప్తాను."

నాతో మాట్లాడిన ఆఖరి మాటలు అవే. పన్నెండు రోజుల తర్వాత ఓడ కంపెనీ ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఒకరోజు పొద్దున డ్యూటీకి రాలేదట. ఓడంతా గాలించారు, వెనక్కి తిప్పి రెండు రోజులు సముద్రమంతా వెతికారు. దొరకలేదు. రెండు నెలలకి బావ పెట్టె వచ్చింది. లుంగీలో చుట్టి డిస్కు ఉంది, పైన ప్లాస్టిక్ కూడా చింపలేదు.

నేను దాన్ని ముట్టుకోలేదు. బావ ఈతగాడు. ఏ చేపల పడవో ఎక్కించుకుని ఉంటుంది, ఏ దేశంలోనో భాష రాక ఇరుక్కుని ఉంటాడు అనుకున్నాను. మావైపు అలా ఇరుక్కుని, ఆశ వదిలేశాక తిరిగొచ్చిన మగాళ్ళు ఉన్నారు. రేవులో ఓడ కూత వినిపిస్తే మిషను ఆపి కూర్చునేదాన్ని.

మా అత్తకి అలాంటి ఆశ లేదు. మా మావయ్యని కూడా సముద్రమే తీసుకుంది. వారం వారం వచ్చి నా ఎదురుగా కూర్చునేది.

"ఎన్నాళ్ళు సూత్తావే? దర్భలతో బొమ్మ సేసి కర్మ సేసీద్దాం. నా కొడుకు దాహంతో తిరుగుతన్నాడే."

చనిపోయాడని నేను ఒప్పుకుంటున్నట్టు ఆఫీసువాళ్ళు పంపిన కాగితం మీద సంతకం కూడా పెట్టాలి. అదీ పెట్టలేదు. "మనిషిని సూపించు, అప్పుడు బొట్టు తీత్తాను" అని అత్త మీద అరిచాను. కొడుకుని పోగొట్టుకున్న మనిషితో అనవలసిన మాట కాదు. పది నెలలు ఇలాగే గడిచాయి. ఒకరోజు మరీ పట్టుబడితే నోటికొచ్చింది అనేశాను.

"ఆ సినిమా నేనొక్కద్దాన్నీ సివరిదాకా సూడగలిగితే, నువ్వు సెప్పినట్టే సేత్తాను."

చూడలేనని నాకు తెలుసు. అందుకే అలా అన్నాను.

అత్త ఆ మాటే పట్టుకుంది. మరుసటి ఆదివారం మధ్యాహ్నం కిటికీకి లైనింగు గుడ్డ కట్టాను. జాకెట్లు కత్తిరించే కత్తెరతోనే ప్లాస్టిక్ కోశాను. మా అమ్మాయి ఝాన్సీ వంటింట్లో చేపలు వేయిస్తోంది. డిగ్రీ చదువుతోంది, ఈ సినిమా అంటే దానికి విసుగు.

బొమ్మ ఎంత బాగుందో చెప్పలేను. ఇన్నేళ్ళూ క్యాసెట్ మరక అనుకున్నది గోడకి తగిలించిన ఫొటో అట. మెట్ల మీద దుమ్ము కనిపించింది. ఇవన్నీ చూపించి మురిసిపోవాలని తెచ్చుకున్న మనిషి పక్కన లేడు. ఏడుపు ఆగలేదు.

ఆ తలుపు వచ్చింది. నేను అనుకోకుండానే కళ్ళు మూసుకుపోయాయి. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. అయిపోయిందని చెప్పేవాళ్ళు లేరని అప్పుడు గుర్తొచ్చింది. అలాగే కళ్ళు మూసుకుని కూర్చున్నాను.

ఎడమ పక్క నుంచి, బావ ఎప్పుడూ కూర్చునే వైపు నుంచి వినిపించింది.

"అయిపోనాదే, కళ్ళు తియ్యి."

గట్టిగా కాదు, మామూలుగానే. నేను తియ్యలేదు. అలవాటు కొద్దీ పది లెక్కపెట్టాను. బొమ్మ ఆపేసి ఉంటాడు అనుకున్నాను. "బావా, ఆపీసావా?" అని పైకే అడిగాను.

కళ్ళు తెరిచాను. సినిమాలో తెల్లవారింది. ఖాళీ మెట్ల మీద ఎండ పడుతోంది. ఆ సీను నిజంగానే అయిపోయింది. రిమోటు నేను పెట్టిన చోటే, మిషను మీద ఉంది.

వంటింట్లోంచి ఝాన్సీ అడిగింది.

"అమ్మా, ఈ డిస్కులో తెలుగు కూడా ఉన్నాదేటి?"

"ఏం?"

"ఎవరో అయిపోనాది అన్నారు కదా."

గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. నా మొహం చూసింది. డబ్బా తిప్పి వెనకాల ఉన్న భాషలన్నీ ఒక్కొక్కటీ పైకి చదివింది. తెలుగు లేదు.

తర్వాత ఆ సీను మూడుసార్లు వేశాం. ఝాన్సీ కళ్ళు తెరుచుకుని టీవీ ముందు కూర్చుంది, నేను వంటింట్లో నిలబడి విన్నాను. గాలి చప్పుడే. పక్కింటివాళ్ళు ఆ రోజు తాళం వేసుకుని పెళ్ళికి వెళ్ళారు. నా మనసే ఆ మాట పుట్టించిందని సరిపెట్టుకోగలను. పొయ్యి దగ్గర చేపలు తిప్పుతున్న పిల్లకి ఎందుకు వినిపించిందో మాత్రం ఎంత ఆలోచించినా తేలలేదు.

ఆ వారమే కాగితం మీద సంతకం పెట్టాను. సముద్రం ఒడ్డున కర్మ జరిగింది. దర్భబొమ్మ కాలిపోవడం మాత్రం కళ్ళు తెరిచే చూశాను. తిరిగొస్తుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"సినిమా సివరిదాకా సూసీసావేటి?"

"సూసీసాను అత్తా."

ఆ ఒక్క సీను ఇప్పటికీ చూడలేదని చెప్పలేదు.

జరిగింది జరిగినట్టు రాశాను. ఎవరికైనా సమాధానం తడితే మీ దగ్గరే ఉంచుకోండి, నాకు వద్దు. పెళ్ళైన దగ్గర్నుంచీ నాతో అబద్ధమాడిన మనిషి, మాటిచ్చినట్టే ఆ రోజు నిజం చెప్పాడు. ఆ ఒక్కసారి కూడా అబద్ధమాడి ఉంటే బాగుండేదని ఈ రోజుకీ ఏడుస్తాను.