మా వేప, వాళ్ల నిద్రగన్నేరు

ఈ ఉదయం కరోనా రెండో టీకా వేయించుకుని వస్తూ సూరత్ నడిబొడ్డున ఉన్న మా పాత చౌక్‌లో ఆగాను. కొట్టేసిన కొమ్మల మొదళ్ల దగ్గర వేపకు ఎర్రటి లేతాకు వచ్చింది. వేళకు నడక, వేళకు డైరీ తప్పని నేను, మాస్కు దించుకుని, ఇంటికి వెళ్లాలన్న సంగతే మరిచి అక్కడ కూర్చుండిపోయాను.

మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, మగ్గాలకు కరెంటు ఉండని సెలవురోజున ఆ చౌక్ పనివాళ్లతో సంతలా ఉండేది. వేప కింద మన కరీంనగర్ వైపు వాళ్లు, ఎదురుగా నిద్రగన్నేరు కింద ఒడియా వాళ్లు నిలబడేవారు; ఊరి చుట్టుపక్కల కిమ్ నుంచో జోల్వా నుంచో వచ్చిన మగ్గాల సేటు తెగిన దారపు కొసలు రెండు చేతికిచ్చి ముడి వేయమనేవాడు, ముడి కంటికి ఆనకపోతే పని దొరికినట్టే. నేను మొదటిసారి సూరత్ వచ్చిన రోజు, చౌక్‌లో చెట్టు కింద నిలబడమని ఇక్కడే పనిచేసే చిన్నాయన కబురు పెట్టాడే గానీ ఏ చెట్టో చెప్పలేదు. బండి దిగి వచ్చిన నేను, నీడ ఎక్కువగా ఉందని నిద్రగన్నేరు కింద నిలబడ్డాను. పొద్దు వాలేదాకా ఆయన అక్కడ, నేనిక్కడ, మధ్యలో జనం. చివరికి నా ఈడు ఒడియా అతనొకడు నా భాష గుర్తుపట్టి, తన మరమరాల్లో సగం పెట్టి, చేయి పట్టుకుని రోడ్డు దాటించాడు. అప్పటినుంచీ అతను నా స్నేహితుడు.

లాక్‌డౌన్‌లో ఆ చౌక్ చుట్టూ వెదుళ్లు కట్టేశారు, సగం మంది ఊళ్లకు పోయారు. మరుసటి ఏడు గాలివానకు మా వేప వేళ్లు లేచి పక్కకు ఒరిగిపోయింది. రంపాలతో మనుషులు వచ్చారని విని నేను వెళ్లేసరికి, జోల్వాలో మగ్గాలు నడిపే మా తమ్ముడు అప్పటికే దాని చుట్టూ తిరుగుతున్నాడు.

"సగం వేళ్లు భూమిలనే ఉన్నయే అన్నా. నిండు బీములు లేపేటోళ్లం, గిదొక లెక్కనా? నువ్వు జర గాళ్లకు చాయ్ తాగిపియ్యి. మెల్లగ తాగమను" అన్నాడు.

మధ్యాహ్నం దాకా ఆగుతాం, తర్వాత కోసేస్తామన్నారు రంపాల వాళ్లు. బరువైన దారపు బీములను మగ్గం మీదికి ఎత్తే గొలుసు కప్పీ షెడ్డు నుంచి వచ్చింది గానీ, దాన్ని తగిలించడానికి గట్టి ఆధారం ఒక్కటే, ఎదుటి నిద్రగన్నేరు. అడగడానికి మేము తటపటాయిస్తుంటే, ఒడియా వాళ్లే తమ చెట్టుకు బెరడు చీరుకుపోకుండా గోనెసంచులు చుట్టి గొలుసు వేశారు. కొమ్మలు కొట్టి బరువు తగ్గించి, మాస్కుల్లోంచి రొప్పుతూ అందరం లాగాం. ఒకసారి గొలుసు జారి వేప మళ్లీ కూలబడింది, రెండోసారికి నిలబడింది. నా స్నేహితుడు చెమట తుడుచుకుంటూ, "నువ్వూ అంతే, నీ చెట్టూ అంతే. ఆఖరికి మా చెట్టు దగ్గరికే వస్తారు" అని తన హిందీలో దెప్పాడు.

ఇప్పుడు రెండు చెట్లూ ఉన్నాయి, నిద్రగన్నేరు మీద గొలుసు ఒత్తిన గుర్తూ ఉంది, కింద మనుషులే లేరు. పని ఫోనులోనే కుదురుతుంది, కొత్తగా వచ్చేవాడు స్టేషన్ నుంచి నేరుగా షెడ్డు గుమ్మంలో దిగుతాడు. మంచిదే, ఎండలో పడిగాపులు తప్పాయి. అయినా తప్పు చెట్టు కింద నిలబడేవాడు ఇక ఎవడూ రాడు గదా అనిపించి, లేచి రోడ్డు దాటి, కాసేపు నిద్రగన్నేరు కింద నిలబడి వచ్చాను.