మామ పెట్టె, నా వేళ్లు

జనవాడ బడి నుంచి వచ్చి, బీదర్‌ల బస్సు దిగి ఇంటికొచ్చేసరికి నాకు నోరు తెరువ బుద్ధి కాకపోయేది. పొద్దంతా కన్నడంల పాఠాలు చెప్పి, బస్సుల నిలబడి, కొంగు నిండ ఎర్రదుమ్ము మోసుకొని వస్తుంటి. మా ఇంటాయన హుల్సూర్‌ల గుమాస్తా నౌకరి చేస్తుండె. శనివారం వచ్చి సోమవారం పొద్దుగాల పోయేది. మా అత్త పోయి చాన్నాళ్లయింది. ఇంట్ల మామ, నేను, ఇద్దరమే. నేను చెప్పులు విడువకముందే అర్రల నుంచి మామ గొంతు వినపడేది.

"వచ్చినవా బిడ్డా? కాళ్లు కడుక్కొని జర ఇటు రా. ఒక్క నట్టే ఉంది."

ఆ పని ఏనాడు ఒక్క నట్టుతోని అయిపోలే.

మామకు బజార్ల రేడియోలు బాగుచేసే దుకాణం ఉండె. చేతులు వణుకుడు మొదలైనంక దుకాణం మూసి, సామానంతా ఇంటికి తెచ్చుకున్నడు. మణికట్టు బల్లకు ఆనించుకుంటే, సీసం కరిగించి తీగలు అతికే సోల్డరింగ్ మాత్రం ముత్యాలు కూర్చినట్టే చేసేది. కాని ఇరుకు సందుల వేలు పెట్టి, బోల్టు కొనకు నట్టు ఎక్కించాలంటే ఆయనతోని కాకపోయేది. నా వేళ్లు సన్నటివి. గదే నా పాపమైంది.

ఒక యేడు మా చర్చి హార్మోనియం తోలు ఎలుకలు కొరికినయి. పాస్టరయ్య పరేషాన్ల ఉంటే మామ లేచి నిలబడి, "నేను చేస్త అయ్యగారూ, కరెంటుతోని పాడే పెట్టె," అన్నడు. ఎవరో ఇచ్చిన పాత ఇంగ్లీషు పత్రికల సింథసైజర్ అనేదాని బొమ్మలు చూసి ఉండె. అది ఒకటే మిషన్ కాదు, విడివిడి భాగాలు. ఒకటి స్వరం పుట్టిస్తది, ఒకటి ఆ స్వరం కరుకుదనం తీస్తది, ఇంకొకటి చప్పుడు పెంచి తగ్గిస్తది. ఒక్కొక్కదానికి ముందట అల్యూమినియం రేకు, రేకు మీద తిప్పే నాబులు, రేకు వెనుక సర్క్యూట్ బోర్డు. అన్నిటిని వరుసగ ఒక కట్టెపెట్టెల బిగించాలె. వాయించే మీటలు మా ఇంట్ల మూలకు పడి ఉన్న ఇంకో విరిగిన హార్మోనియంవి.

బోర్డులు చేసుడు మామకు కష్టం కాలే. వాటిని రేకుకు బిగించుడే మా ఇద్దరి ప్రాణం తీసింది.

మొదటి బోర్డును నేరుగ రేకుకు ఆనించి బోల్టులు వేసినం. స్విచ్చి వేయంగనే చిట్టుమని సన్నటి పొగ లేచింది. మామ ఊడదీసి చూసిండు. బోర్డు వెనుక సోల్డర్ మొనలు రేకుకు తాకి కరెంటు పక్కదారి పట్టింది.

"రేకు, బోర్డు ముద్దు పెట్టుకున్నయి," అన్నడు.

నాకు నవ్వు రాలే. పొయ్యి ఇంకా ముట్టియ్యలే.

రెండిటి నడుమ ఎడం ఉంచే గొట్టాలు కావాలె. బీదర్ బజారంతా తిరిగినా దొరకలే. సిరా అయిపోయిన బాల్‌పెన్నులు బడి నుంచి ఏరుకొచ్చిన. వాటిని ముక్కలు కోసి, గడప రాయికి రుద్ది సమానం చేసినం. నా కండ్లకు సమానంగనే కనపడ్డయి. పేచ్‌కస్‌తోని చివరి బోల్టు తిప్పుతుంటే పటుక్కుమన్నది. ఒక గొట్టం జర పొట్టిది. బోర్డు ఆ మూలకు వంగి నడుమల పగిలింది.

మామ ఆ పగులు మీద వేలు పెట్టి చూసిండు. నన్ను తిట్టకపోవుడే నాకు కోపం తెచ్చింది.

"పొద్దంతా నిలబడి వచ్చిన మామా. నా చేతులకు గూడ అలుపుంటది."

"ఉంటది బిడ్డా," అన్నడు. పగిలిన బోర్డును అంగీ జేబుల పెట్టుకొని బయటికి పోయిండు.

మర్నాడు నేను బడి నుంచి వస్తె మామ పిలువలే. పొయ్యి కాడ కూసున్న. అర్రల బండ మీద నట్టు పడ్డ చప్పుడు వినపడ్డది. మామ వంగి వెతుకుడు, మోకాళ్లు పట్టుకొని మూలుగుడు. మళ్ల అదే చప్పుడు. పోయి చూస్తే వేలికొనకు తడి సబ్బు రాసుకొని, దానికి నట్టు అంటించి ఎక్కియ్య చూస్తుండు. ప్రేమతోని పోయిన అంటే అబద్ధమైతది. ఆ చప్పుడు ఇంక వినలేక పోయిన.

"ఇటియ్యి మామా," అన్న.

ఒకనాడు రేకు ఒళ్లె పెట్టుకొని గోడకు ఒరిగిన కాడనే నిద్రపోయిన. మెలకువ వచ్చేసరికి పేచ్‌కస్ నా చేతిల లేదు, రేకు పక్కకు పెట్టి ఉంది. మామ వంటింట్ల నుంచి చాయ్ తెస్తుండు. వణికే చేతుల నడుమ సగం సాసర్ల ఒలికింది.

"సాసర్లది గూడ చాయే గద," అన్నడు. తాగిన. మళ్ల పనికి కూసున్నం.

శనివారం మా ఇంటాయన వచ్చి మమ్ముల చూసి, "నాయినా, దానికి బడిల పిల్లలతోని పడే గోస చాలదా?" అన్నడు.

"మరి నువ్వు పట్టు ఈ నట్టు," అని మామ చెయ్యి చాపిండు. ఆయన తన లావు వేళ్లు ఒకసారి చూసుకొని, బజారుకు పోయొస్త అని లేచిండు.

తిప్పే నాబుల వెనుక కంట్రోళ్లు ఉంటయి. అవి మెడకు నట్టు వేసుకొని ఎట్లాగు రేకును పట్టుకునే ఉంటయి. వాటికుండే సన్నటి ఇనుప కాళ్ల నుంచి బోర్డుకు మామ వైర్లు కలుపుతుండె. నేను అలిసిపోయి చూస్తుంటే నోట్లకెల్లి మాట వచ్చింది.

"వైర్లు ఎందుకు మామా? ఈ కాళ్లు బోర్డుకే సోల్డర్ చేస్తె, బోర్డును అవే మోస్తయి గద. మూలమూలకు నట్ల పని తప్పుతది."

మామ బోర్డును చాన సేపు తిప్పి తిప్పి చూసిండు. "నాబు గట్టిగ తిప్పితే సోల్డర్ ఊడుతది," అన్నడు. బోర్డు కింది అంచు చూపించి, "కింద ఒక్క గొట్టం ఆసరా పెడితే ఊడది. ముందుగాల రేకుకు బిగించి, తర్వాతనే సోల్డర్ పెట్టాలె. లేకుంటే కాళ్లు గుంజుకపోతయి," అన్నడు.

అట్లనే చేసినం. మిగిలిన బోర్డులు ఒక్కటి గూడ పగులలే. పాతవి గూడ విప్పి అట్లనే బిగిద్దాం అని మామ అంటే నేను వద్దన్న.

ఈస్టర్ నాడు పెట్టె చర్చికి పోయింది. పాస్టరమ్మ వాయించింది. మొదటి పాట ఎంత మంచిగ వచ్చిందంటే, మామ వణికే చేతులు ఒకదానిల ఒకటి పెట్టుకొని తల వంచుకున్నడు. రెండో పాట వరకు చర్చి రేకుల కప్పు మీదికి ఎండ వచ్చింది. పెట్టె వేడెక్కింది. స్వరం మెల్లగ పైకి పాకుతాంది. జనం దాని ఎంబడి గొంతులు పెంచిండ్రు. అది ఇంకా పైకి పోయింది. మొగోళ్లు ఆగిపోయిండ్రు, ఆడోళ్లు దగ్గుతుండ్రు. పాస్టరయ్య చెయ్యి ఎత్తిండు. మామ పోయి స్విచ్చి ఆర్పిండు. మిగిలిన పాటలు చప్పట్లతోని పాడినం.

బయటికొచ్చినంక ఒక ముసలామె, "అన్నా, నీ పెట్టె మనకన్న ముందుగాల పరలోకం పోతాంది," అన్నది. అందరు నవ్విండ్రు. మామ గూడ నవ్విండు. నాకు మాత్రం ఎప్పుడు ఇంటికి పోయి ఒరుగుదునా అని ఉండె.

కొన్నాళ్లకు హార్మోనియానికి కొత్త తోలు వేయించిండ్రు. మా పెట్టె రిక్షల ఇంటికొచ్చింది. బడికి ఎండకాలం సెలవులిచ్చిండ్రు.

"స్వరం పుట్టించే బోర్డు మళ్ల చేస్త బిడ్డా, వేడికి తట్టుకునేటట్టు," అన్నడు మామ. "రేకు ఒక్కటి ఊడదీయాలె."

"ఈ సెలవులల్ల నాతోని కాదు మామా. నేను పండుకుంట."

మామ నా దిక్కు చూసిండు. తిట్టలే, అలుగలే. "పండుకో బిడ్డా," అన్నడు. చాప తెచ్చి, గాలి తగిలే దిక్కు ఆయననే పరిచి పోయిండు.

ఆ బోర్డును మేము మళ్ల విప్పలే. పొద్దుగాల ఇంటి ప్రార్థనకు పెట్టె ముందట కూసొని మామ ఒక్కొక్క మీట ఒత్తేది, నేను పాడుతుంటి. సల్లగ ఉన్నంత సేపు మంచిగనే పలికేది. ఎండ ఎక్కంగనే ఆర్పేస్తుంటిమి.