కన్నీళ్ళంత ఉప్పు

నా చిన్నప్పుడు మా ఇంట్లో సబ్బు అంటే కార్ఖానా వాళ్ళు నెలనెలా ఇచ్చే పచ్చటి బిళ్ళే. ఇటుక అంత ఉండేది. నూనె, గ్రీజు, తారు పట్టిన చేతుల కోసం ఇచ్చిన సబ్బు అది. దానితోనే మా అమ్మ బట్టలు ఉతికేది, దానితోనే మా వీపులు రుద్దేది. చర్మం చిటపటలాడితే మురికి వదులుతోందని సంతోషించేవాళ్ళం. ఎంత మండితే అంత మంచిదని నమ్మిన వీధి మాది.

ఆ సబ్బు ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, నిన్నటికి ఆరు రోజులుగా నాకు విరేచనం కాలేదు. సిగ్గుపడే వయసు దాటిపోయింది కాబట్టి రాసేస్తున్నాను. మోకాలి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఈ హిందీ ఊళ్ళో, మాంగో అనే పేటలో, మూడో అంతస్తు గదిలో పడి ఉన్నాను. మా మనవరాలు నిన్న మందుల దుకాణం నుంచి ఒక చిన్న ప్లాస్టిక్ సీసా పట్టుకొచ్చింది. ఎనిమా అట. ఇందులో ఏముందే అని అడిగాను. "తాతా, దుకాన్‌వాలా బోలా, సబ్‌కో యహీ దేతే హై" అంది. అందరికీ ఇదే ఇస్తారట! కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఈ మధ్య తగ్గిపోయింది గాని, ఆ ఒక్క మాటకు మాత్రం ఇంకా మిగిలే ఉంది. అరవై ఏళ్ళ క్రితం మా తాతయ్యకు కూడా ‘అందరికీ ఇచ్చేదే’ ఇవ్వబోయాం. కలిపింది నేనే.

మా తాతయ్య కార్ఖానాలో పైపు ఫిట్టరు. ఇనుప గొట్టం కాలి మీద పడి ఎముక విరిగి, కట్టుతో మంచానికి అంటుకుపోయాడు. ఆయన్ని బాధపెట్టింది కాలు కాదు, మంచం కింద పెట్టిన బేసిను. దాన్ని కోడలు, అంటే మా అమ్మ, ఎత్తాలి. మా వాళ్ళలో కోడలు మామగారి ఎదుట కూర్చోను కూడా కూర్చోదు. అలాంటిది ఆమె చేత ఆ పని చేయించుకోవడమా? అందుకని ఆయన నీళ్ళు మానేశాడు. అన్నం తగ్గించాడు. ఎవరికీ చెప్పలేదు. వారం గడిచేసరికి పొట్ట చెక్కలా బిగిసిపోయింది. ముద్ద దిగడం లేదు. మూలుగు పైకి రాకుండా తువ్వాలు పళ్ళ మధ్య కరిచి పట్టుకునేవాడు.

వీధంతా సలహాలిచ్చింది. ఆముదం అన్నారొకరు. తాగిస్తే కక్కేశాడు. ఆసుపత్రిలో సబ్బునీళ్ళు ఎక్కిస్తారు, అందరికీ అదే, అన్నారు ఇంకొకరు. ఎక్కడి నుంచో తెల్లటి ఎనామిల్ డబ్బా, ఎర్ర రబ్బరు గొట్టం వచ్చాయి. సబ్బు కలిపే పని నాకు పడింది. తారునే వదిలించే సబ్బుకు మా తాతయ్య కడుపొక లెక్కా అనుకున్నాను. అరచెయ్యంత ముక్క కోసి, చెంబుడు వేడినీళ్ళలో వేసి, నురగ పొంగేదాకా చిలికాను. అంత ప్రేమగా నేనెప్పుడూ ఏ పనీ చేయలేదు.

అప్పుడే పక్క క్వార్టరు పిన్ని డ్యూటీ దిగి వచ్చింది. ఆమె ఆసుపత్రిలో ఆయా.

"ఏటిరా గుంటడా, బట్టలు నానెట్టినావేటి?" అంది. తాతయ్యకి ఎక్కించడానికి అన్నాను. చెంబులో వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య రాసి చూసుకుంది. మా నాన్న వైపు తిరిగి, "బావా, దీన్ని ఓ సుక్క నీ కంట్లో ఏసుకో" అంది.

"ఫర్నేసు కాడ నిప్పురవ్వలు పడ్డ కళ్ళివి" అని నవ్వి, మా నాన్న నిజంగానే వేలితో అద్దుకున్నాడు. మరుక్షణం కుళాయి కింద తల పెట్టి గంతులు వేశాడు.

"ఓ సుక్కకే ఇలగైపోనావు. ముసిలోడి పేగులోకి సెంబుడు పంపుతావేటి? పేగు లోపలి తోలు కూడా నీ కంటి లోపలి తోలు లాటిదే బావా."

ఆమె నా చేతుల్లోని చెంబు అందుకుని మురిక్కాలవలో పోసేసింది. తర్వాత గుమ్మంలో కూర్చుని, నాకూ అర్థమయ్యేలా చెప్పింది. ఆసుపత్రిలో వాడేది మెత్తటి సబ్బు, అదీ చాలా కొంచెం, అయినా దానికే మెలికలు తిరిగి ఏడ్చినవాళ్ళను చూసిందట. లోపల రాయిలా గట్టిపడితే నానడానికి ముందు కాస్త గోరువెచ్చటి నూనె, ఆ తర్వాత ఉప్పునీళ్ళు. ఉత్త నీళ్ళు ఎక్కువైతే ఒంట్లోకి ఇంకిపోతాయి, ఉప్పు ఎక్కువైతే మంట. మరి ఎంత వేయాలి పిన్నీ అని అడిగాను.

"కన్నీళ్ళంత. నువ్వెప్పుడూ ఏడవనేదేటి? రుసి మర్సిపోతే మీ నాన్ననడుగు, ఇంకా కార్తన్నాయి."

నాలిక మీద వేసుకు చూస్తూ మూడోసారికి కుదిర్చాను.

తాతయ్య మాత్రం గోడ వైపు తిరిగి, వద్దని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. పిన్ని అందర్నీ బయటికి పంపింది, మా అమ్మను అందరికంటే ముందు. గోనె పరదా ఇవతల నిలబడి నేను విన్నాను. సిగ్గెందుకని ఆమె అనలేదు. పసిపిల్లాడిని బుజ్జగించినట్టు బుజ్జగించలేదు.

"మావా, పైపులైనుకి ఒక్కసారే ప్రెజరెక్కువెడితే ఏటవుద్ది?"

గోడ వైపు నుంచే తాతయ్య గొంతు వచ్చింది. "జాయింటు పగుల్తాది."

"మరి ఈ డబ్బా ఎంతెత్తున కట్టమంతావు?"

"అంతెత్తొద్దు. దించు. ఇంకా దించు."

"ఇదిగో, గొట్టానికున్న క్లిప్పు. ఇదే నీ వాల్వు, నీ సేతిలోనే ఎడతన్నాను. నువ్విప్పితే ఇప్పినట్టు, మూత్తే మూసినట్టు. ఇయ్యాల నాను నీ హెల్పర్ని."

ఆ వారంలో మేం ఆయన నోట్లో ముద్దలు పెట్టాం, ఒళ్ళు తుడిచాం, పక్క తిప్పాం. చేతిలో పని పెట్టిన మనిషి ఆమె ఒక్కతే.

కొంతసేపటికి పిన్ని బేసిను మీద గుడ్డ కప్పి తానే బయటికి తీసుకుపోయింది. లోపలి నుంచి తాతయ్య మా అమ్మను పిలిచాడు. "అమ్మా, నీళ్ళు తే" అన్నాడు. అమ్మ చెంబు నిండా తెచ్చింది. ఆయన ఆగకుండా తాగాడు. ఆమె గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

నేను బడికి వెళ్ళింది ఏడో తరగతి దాకానే. మిగతా చదువంతా దొరికిన కాగితాల మీద చదువుకున్నదే. అందుకే ఆ ప్లాస్టిక్ సీసా డబ్బాలోని మడత కాగితాన్ని భూతద్దం పెట్టి చదివాను. ఫాస్ఫేట్ ఎనిమా. త్వరగానే పనిచేస్తుంది. కాని కిడ్నీలు మందగించిన ముసలివాళ్ళకు ఆ లవణం రక్తంలో పేరుకుని ప్రాణం మీదికి రావచ్చునని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. కిడ్నీలు మందగించిన ముసలివాణ్ణి నేనే. అమ్మేవాడు అడగడు, కొనేవాళ్ళు చదవరు. అందరికీ ఇదే! మనవరాలి చేత డాక్టరుకు ఫోన్ చేయించి, నా రక్తపరీక్ష రిపోర్టు చదివించాను. ఆ సీసా వాడొద్దు, ఉప్పునీళ్ళ ఎనిమా పెట్టడానికి నర్సును పంపుతాను అన్నాడాయన. పిల్ల ముఖం పాలిపోయింది. దాని తప్పేముంది? నేనూ ప్రేమగానే చిలికాను.

తప్పు ఇంకొకటుంది, అది నాది. ఆపరేషన్ అయినప్పటి నుంచి నా మంచం పక్కన పెట్టిన నీళ్ళ సీసా రోజూ సగం అలాగే ఉండిపోతోంది. ప్రతిసారీ నన్ను పట్టుకుని బాత్రూముకు నడిపించాల్సింది ఆ పిల్లే మరి. ఇన్నేళ్ళుగా ఉప్పు సంగతి అందరికీ చెప్పుకు తిరిగాను. తాతయ్య నీళ్ళు మానేసిన సంగతి మాత్రం నాకు నేను చెప్పుకోలేదు.

ఈ ఉదయం నర్సమ్మ వచ్చింది. ఉప్పునీళ్ళ సంచీ కొక్కేనికి తగిలించి, ఎడమ పక్కకు తిరగమంది. కొంచెం కిందికి దించమన్నాను. దించింది. క్లిప్పు నా చేతికివ్వమని హిందీలో అడిగాను. ఎందుకన్నట్టు చూసి, నవ్వి, ఇచ్చింది.

పని అయ్యాక మనవరాలిని పిలిచి, చెంబు నిండా నీళ్ళు తెమ్మన్నాను.