పూచీ పడ్డ పంతులు

1943లో నేను గద్వాలలో ఒక బడిలో లెక్కల పంతులుని. ఆ ఏడు బడి తెరవగానే నాగన్న హైదరాబాదు నుంచి తిరిగొచ్చాడు. వాడిది నేతపని చేసే కుటుంబం, వయసు పదమూడేళ్లు. సావుకారి దుకాణంలో జరీ దారపు కండె దొంగిలించాడని అక్కడి పిల్లల జైలులో ఏడాది ఉంచారు.

పేరు కొట్టేసిన పిల్లవాణ్ణి తిరిగి చేర్చుకోవడాన్ని రీఅడ్మిషన్ అనేవాళ్లం. దానికి ఎవరో ఒక పంతులు పూచీ పడాలి. మిగతావాళ్లు మొహాలు తిప్పుకుంటే నేను సంతకం చేశాను. సాలానా పరీక్ష, అంటే ఏడాది చివరి పరీక్ష, తప్పితే పేరు మళ్లీ కొట్టేస్తామని హెడ్మాస్టరు షరతు పెట్టారు.

"పొద్దుమీకి నేను కూసోబెట్టి చెప్త గదమ్మా" అని వాళ్లమ్మ ఎల్లమ్మకు మాటిచ్చాను. నా మంచితనానికి నేనే మురిసిపోయాను కూడా.

మా బడి కుర్చీలన్నీ బెత్తం తెగి వేలాడుతుండేవి. మొదటి వారంలోనే నాగన్న వాటిని చూసి, "ఆడ మాకు బెత్తం అల్లే పని నేర్పిండ్రు సార్. నేను జేస్త" అన్నాడు. తనిఖీకి పెద్ద అధికారి వస్తున్న రోజులు. సరేనన్నాను. వాడి పనితనం చూసి అందరూ ముక్కున వేలేసుకున్నారు.

ఇక రోజుకో కుర్చీ. నేను లోపల భిన్నాలు చెబుతుంటే వాడు వరండాలో అల్లుతుండేవాడు.

ఒకనాడు కిటికీలోంచి నల్లబల్ల వంక చూస్తూ, "సార్, నేను గూడ జర లోపలికి రానా?" అన్నాడు.

"గిదొక్కటి కానియ్‌రా" అన్నాను.

చదువు చెబుతానన్న సాయంత్రాలు కూడా బెంచీల మరమ్మతుకు పోయాయి. తనిఖీకి వచ్చిన అధికారి కొత్త బెత్తం కుర్చీలో కూర్చుని నన్ను మెచ్చుకున్నాడు. నాగన్న పేరు నేను చెప్పలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు, కానీ చెప్పలేదు.

సాలానాలో భిన్నాల లెక్కలే ఎక్కువ వచ్చాయి. నాగన్న తప్పాడు. మర్నాడు ఎల్లమ్మ మగ్గం పని వదిలేసి బడికొచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆడ గూడ గిదే పని జేపిచ్చిండ్రంట సారూ. మరి ఈడికెందుకు తోల్కొచ్చిన నేను?" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత హెడ్మాస్టరును ఎంత బతిమాలినా వినలేదు. పేరు కొట్టేశారు. నాగన్న మగ్గం గుంటలో కూర్చున్నాడు.

ఆ తర్వాత వనపర్తిలో, నాగర్‌కర్నూలులో పనిచేశాను. జైలు నుంచి వచ్చిన పిల్లలు మరో ఇద్దరు నా చేతికి వచ్చారు. పలక ఇచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, ఏ పాఠం దగ్గర ఆగిపోయావని అడిగాను. అంతకుమించి నేను నేర్చుకున్నదేమీ లేదు. ఆ మాట నాగన్నను ఒక్కనాడూ అడగలేదు.