రాజుగారి చేతుల మీద పన్నీరు

సౌదీలోని హాయిల్‌లో నేను పనిచేసే ఇంట్లో, చుట్టాలు లేచి వెళ్ళే ముందు వాళ్ళ అరచేతుల్లో పన్నీరు చల్లుతారు. ఆ వాసన తగిలితే చాలు, చేతిలో పని చేతిలోనే ఉంటుంది. నేను మాత్రం ఇదివరకు పనిచేసిన ఖఫ్జీలో, సముద్రపు గాలికి తలుపులు కొట్టుకునే ఆ ఇంట్లో, చేతులు చాచి కుర్చీలో కూర్చుని ఉంటాను. ఎదురుగా కూజా పట్టుకుని పెద్ద మేడమ్ నిలబడి ఉంటుంది.

ఆమె ఇంగ్లండులో ఒక పెద్ద జమీందారీ వంశపు ఆడపడుచు. కోటలాంటి ఇల్లు అమ్ముడుపోయాక, చమురు బావుల దగ్గర ఇంజనీరుగా ఉన్న కొడుకు పంచన చేరింది. కడప నుంచి వంటపనికి వచ్చిన నాకు ఇంగ్లీషు నేర్పే నెపంతో తన వంశం కథలన్నీ చెప్పేది. ముత్తాత రాజుతో వేటకు వెళ్ళేవాడట. మేనత్త ఒకావిడ రాకుమారుణ్ణే వద్దు పొమ్మందట. మా డ్రైవరు మల్లేశుది నిజామాబాదు. అతనికి ఇదంతా వేళాకోళం.

"అక్కా, గామె రాజుల సుట్టమైతే గీ ఖఫ్జీల ఏం జేస్తున్నది?"

"నాకేం తెలుసప్పా," అనేదాన్ని. అయినా ఊఁ కొట్టడం మానలేదు. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే కథ ముందుకు సాగదు కదా.

ఆ కథల్లో ఆమెకు ప్రాణం ఒక్కటే. పట్టాభిషేకం నాడు రాజు చేతుల మీద పన్నీరు పోసి తుడిచే హక్కు తరతరాలుగా వాళ్ళ వంశానిది. ఇంగ్లండులో కొత్త రాజుకు పట్టాభిషేకమని తెలిసిన నాటి నుంచీ, తన కొడుక్కు పిలుపు వస్తుందని ఎదురుచూసింది. ఆ కొడుక్కు, అంటే మా సారుకు, తీరిక ఎక్కడిది? కొడుక్కు నేర్పాలంటే ముందు తన చెయ్యి తిరగాలని సాయంత్రాలు నన్ను రాజుగా కూర్చోబెట్టేది. పోపు వాసన వేసే చేతులతో నేను కొన్నాళ్ళు రాజ్యమేలాను. చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి తుడవాలి. తలెత్తి మొహం మాత్రం చూడకూడదు.

ఎందుకని అడిగాను.

"ఆ రోజు రాజు భయపడుతూ ఉంటాడు. ఆ భయం మనం చూడకూడదు," అంది.

పిలుపు రాలేదు. ఈసారి ఆ తంతే తీసేశారని సారు కనుక్కుని వచ్చి మెల్లగా చెప్పాడు. ఆమె తలూపి టీ అడిగింది.

పట్టాభిషేకం టీవీలో వచ్చిన రోజు పట్టుగౌను వేసుకుని చివరిదాకా చూసింది. అయిపోయాక నన్ను పిలిచింది. పసుపు చేతులతో వచ్చి, కూజా చూసి, కడుక్కుని వస్తానన్నాను.

"కూర్చో. కడగడానికే కదా ఇది."

"నేనేమన్నా రాణినా మేడమ్, నాకెందుకు?"

"మావాళ్ళు ఎందరో రాజుల చేతులు కడిగారు. ఏ రాజూ నాకు వండిపెట్టలేదు."

పన్నీరు చల్లగా పడింది. చిటికెన వేలి నుంచి ఒక్కొక్క వేలే తుడిచింది. నా మణికట్టు మీద వెచ్చగా ఒక చుక్క పడింది. నేను తలెత్తలేదు. అంత ప్రేమ నాకు ఆమె మీద ఉందని ఆ క్షణం దాకా నాకే తెలియదు.

ఆమె ఇప్పుడు లేదు. నిరుడు ఈ హాయిల్ ఇంటికి రాజోలు నుంచి ఒకమ్మాయి పనికి వచ్చింది. చంటిపిల్లను తల్లి దగ్గర వదిలి వచ్చింది. వచ్చిన నాటి నుంచీ మెతుకు ముట్టలేదు. కంచం ముందు కూర్చోబెట్టి, చెంబు తీసుకుని ఆమె చేతుల మీద నీళ్ళు పోశాను.

"అయ్యో, మీరెందుకండీ, నేను కడుక్కుంటానండి," అంది.

చెయ్యి వదల్లేదు. చిటికెన వేలి నుంచి తుడుస్తూ వచ్చాను. ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. మొహం చూడలేదు. తువ్వాలు మడిచి పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. చాలాసేపటికి వెనక నుంచి, అన్నం కలుపుతున్న చేతి గాజుల చప్పుడు వినిపించింది.