పికప్పు బండికి పరుపు కుట్టిన వైనం

లైసెన్సు కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో నేను బాగుచెయ్యలేని వస్తువంటూ లోకంలో ఏదీ కనిపించేది కాదు నాకు. ప్రత్తిపాడులో మాది పరుపులు కుట్టే ఇల్లు. తాతల నాటి నుంచీ దూది ఏకడమే మా పని. కుట్టిన పరుపులు చుట్టుపక్కల ఊళ్లకు చేరవెయ్యడానికి నాన్న ఒక పాత పికప్పు బండి కొన్నాడు. అంతకుముందు అది ఎవరో రైతు దగ్గర గుంటూరు యార్డుకి మిరపకాయల టిక్కీ బస్తాలు మోసిన బండి. ఇంజను మంచిదే. నాకు నచ్చనిదల్లా ముందు సీట్ల కింద పరిచిన కార్పెట్. ఒకప్పుడు దాని రంగేమిటో చెప్పగలిగిన మనిషి మా జిల్లాలో లేడు. నా పక్క సీటు దగ్గర అది చిరిగిపోయి, దాని కింద రేకు తుప్పు పట్టి, ఆ కంతలోంచి రోడ్డు పరిగెత్తడం కనిపించేది. (మా నానమ్మ బండెక్కితే తమలపాకు నమిలి ఆ కంతలోంచే ఉమ్మేది. ఇంత సదుపాయం కొత్త బండ్లలో కూడా ఉండదని ఆవిడ అభిప్రాయం.)

అక్క డిగ్రీ పూర్తి చేసి, మార్టూరులో రాళ్లు పాలిష్ చేసే ఒక యూనిట్‌లో లెక్కలు చూసే ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లింది. తీసుకెళ్లింది నేనే. దారిలో కాలవ నీళ్లు పొర్లిన చోట బండి కాస్త ఉషారుగా పోనిచ్చేసరికి, కంతలోంచి బురద ఎగజిమ్మి ఆమె తెల్ల చుడీదారు మోకాళ్ల దాకా నల్లబడింది. అయినా ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగానికి వెళ్లడం అదే మొదలు. సోమవారం చేరాలి. ఇల్లంతా ఒకటే సందడి. అమ్మ అక్క కోసం లేత పచ్చ చీరొకటి కొని తెచ్చి రోజూ తీసి చూసి మళ్లీ మడతపెట్టేది. అంత సంబరంలోనూ అక్క, "నేను బస్సుకే పోతా. వీడి బండెక్కితే ఉద్యోగానికి పోయినట్టుండదు, నాట్లకి పోయినట్టుంటది" అంది. ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. "సోమవారానికల్లా కార్పెట్ మార్చేస్తా. నువ్వే చెప్పులిప్పి ఎక్కుతావు, చూడు" అన్నాను.

నాకు తోడు మా అమ్మ తమ్ముడు, ఇంజనీర్ మావయ్య. ఆయన చదివింది పదో తరగతి. ఒకసారి పక్కింటివాళ్ల బోరు మోటారు బాగుచేస్తే ఆ పేరొచ్చింది. (మోటారు మర్నాడే మళ్లీ ఆగిపోయింది. పేరు మాత్రం ఆగలేదు.) ఆదివారం పొద్దున్నే ఇద్దరం సీట్లు ఊడదీసి, కార్పెట్ బయటికి లాగి, వీధి గోడమీద వేసి కర్రతో ఒక్కటి కొట్టాం. ఎన్ని పంటల కారం దాచుకుందో మహాతల్లి, ఎర్రటి పొగ లేచింది. ముందు మావయ్య తుమ్మాడు, తర్వాత నేను, తర్వాత అరుగుల మీద కూర్చున్నవాళ్లందరూ వరసపెట్టి తుమ్మారు. "ఏరా, ఊరంతటికీ నస్యం పంచుతున్నారా?" అని నానమ్మ లోపలినుంచి అరిచి, తనూ ఒకటి తుమ్మింది. కంత పక్కన తడిసిన మూలలో అయితే ఏకంగా రెండాకుల మిరప మొక్క మొలిచి ఉంది. మావయ్య దాన్ని వేరు తెగకుండా తీసి నానమ్మ చేతికిచ్చాడు, మొదటి కోత ఆవిడదేనన్నట్టు.

నూనె డబ్బా రేకు కత్తిరించి కంత మూసేశాం. గుంటూరు నుంచి తెచ్చిన కొత్త కార్పెట్ పరిచాం. నిగనిగలాడే ఎరుపు. కానీ చేత్తో తడిమితే పల్చగా తగిలింది. అప్పుడొచ్చింది నాకు ఆ ఆలోచన.

"మావయ్యా, ఇంటి నిండా దూది పెట్టుకుని ఉత్త గుడ్డ పరుస్తామా?"

మావయ్య నన్ను కళ్లార్పకుండా చూశాడు. "ఒరేయ్, ఈ మాట నా నోట్లోంచి రావాల్సింది కదరా" అన్నాడు.

ఇక ఆగలేదు. కార్పెట్ కింద దూది పేర్చి, పరుపుల సూదితో అక్కడక్కడా కుట్లు వేసి, అచ్చం పెళ్లి పరుపులా తయారు చేశాం. నాన్న వచ్చి చూసి, "ఇది తోలుకోవడానికా, పడుకోవడానికా?" అన్నాడు. ఆయన మెల్లగా వంగి అరచేత్తో నొక్కి చూశాడు. పరుపు కనపడితే ఆ చెయ్యి ఊరుకోదు. "ఈ మూల దూది చాల్లేదు" అని, తనే ఇంకో రెండు గుప్పెళ్లు కూరాడు. ఆ సాయంత్రం మా ఇంట్లో అందరూ ఒకరి తర్వాత ఒకరు బండెక్కి, ఎక్కడికీ పోకుండానే కాసేపు కూర్చుని దిగారు.

సోమవారం అక్క నిజంగానే చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కింది. మధ్యలో అక్క, ఆ చివర మావయ్య. ఊరు దాటేదాకా విమానంలో ఉన్నట్టే ఉంది. పెద్ద రోడ్డెక్కాక నా మడమ కింద దూది మెల్లమెల్లగా ముందుకు జరిగి, బ్రేకు కింద దిండులా పోగైంది. కార్పెట్ అంచు లేచి యాక్సిలరేటర్ మీద కూర్చుంది. నేను కాలు తీశాను. బండి మాత్రం తగ్గలేదు.

"మెల్లగా పోనీరా" అంది అక్క.

"నేను పోనివ్వట్లా. అదే పోతంది."

"బ్రేకెయ్ మరి" అన్నాడు మావయ్య.

"వేశా. దిగట్లా. కింద దిండుంది."

ఎదురుగా మలుపు, మలుపు పక్కన కళ్లం, కళ్లం నిండా ఎండబోసిన మిరపకాయలు. ఓ రైతు ఏడాది కష్టమంతా ఎర్రగా నా మీదికి వస్తోంది. అప్పుడు అక్క వంగి తాళం తిప్పేసింది. ఇంజను ఆగింది. మావయ్య రెండు చేతులతో హ్యాండ్‌బ్రేకు పీకినంత పనిచేశాడు. బండి రోడ్డు దిగి, కళ్లంలోకి జారి, కాయల రాశికి జానెడు దూరంలో నిలబడిపోయింది. కాయలేరుతున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ముక్కుకి తువ్వాలు కట్టుకున్న రైతు వచ్చి, ముందు రాశిని చూసుకుని, తర్వాత మమ్మల్ని చూశాడు.

"ఇంకాస్త ముందుకొచ్చుంటే యార్డులో మిమ్మల్ని కూడా కలిపి తూకమేసేవాణ్ణయ్యా" అన్నాడు.

అక్క వాచీ చూసుకుంది. "పదింటికి అక్కడుండాలి నేను. కొడవలుంటే ఇస్తారా బాబాయ్?" అంది. ఆయనిచ్చిన కొడవలితో నా ఎర్ర కార్పెట్‌ని నేనే కోశాను. లోపలి దూది ఉబికి వచ్చింది. గాలి కారాన్ని మోసుకొచ్చింది. ముగ్గురం తుమ్మాం. తుమ్మిన కొద్దీ దూది లేచింది, లేచిన దూదంతా చెమటకి తడిసిన అక్క మొహానికీ కొత్త చీరకీ జడకీ అంటుకుంది. రైతు ఇక ఆపుకోలేక గట్టుమీద కూర్చుని నవ్వాడు.

మార్టూరులో యూనిట్ ముందు బండి ఆపేసరికి టైము అయిపోవస్తోంది. అక్క నెత్తిమీద తెల్లగా దూది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఇట్టా లోపలికి ఎట్టా పోతావక్కా?"

"నడిచి పోతా" అని దిగి వెళ్లిపోయింది. మావయ్యా నేనూ కదలకుండా గేటు బయటే కూర్చున్నాం, ఏ క్షణాన వెనక్కి పంపేస్తారోనని. గంట గడిచినా రాలేదు.

లోపల జరిగింది సాయంత్రం ఇంటికొచ్చాక అక్కే చెప్పింది. ఆ యూనిట్‌లో ప్రతి మనిషీ రాతిపొడితో కనుబొమల దాకా తెల్లగా ఉన్నారట. మేనేజరు ఈమెను చూసి, "మిషన్ల దగ్గర్నుంచి దులుపుకోకుండా ఆఫీసులోకి రావద్దని ఎన్నిసార్లు చెప్పాలమ్మా?" అన్నాడట. "నేను ఇవాళే చేరుతున్నానండి" అంటే, ఆయన తెల్లబోయి, "వచ్చీ రాగానే యూనిట్ అంతా తిరిగి చూసొచ్చారా? ఇట్లాంటివాళ్లే కావాలి మాకు" అని కుర్చీ వేయించాడట. ఆయన గొంతుతో అక్క చెబుతుంటే నాన్న నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. అమ్మ నవ్వుతూనే, కొత్త చీర మీద దూది ఒక్కొక్క పోగూ ఏరింది.

ఇప్పుడు అక్క ఆ యూనిట్ లెక్కలన్నిటికీ పెద్ద. మొన్నీమధ్య నేను కొత్త పికప్పు కొన్నాను. అన్నీ కంపెనీవాళ్లే బిగించి ఇచ్చారు, నేను చెయ్యడానికి ఏమీ మిగల్చలేదు. ఇంట్లోవాళ్లు వచ్చి చూసి, బాగుందని లోపలికి వెళ్లిపోయారు. నేనొక్కణ్ణే సీట్లో కాసేపు కూర్చున్నాను. సూది పట్టుకుని, బండిలో బోర్లా పడుకుని, చెమటలు కక్కుతూ కుట్లు వేసిన ఆ కుర్రాడు గుర్తొచ్చాడు. వాడికి బుర్ర తక్కువే. కానీ వాడి ఆత్రం ఒక్క పూటకి ఎవరైనా అరువిస్తే బాగుండనిపించి, నాలో నేనే నవ్వుకుని, తాళం తీసుకుని దిగాను.