గంగాళం కాదని తెచ్చుకున్న దీపం

మణికొండలో మా మనవరాలి ఇంట్లో హాలు మధ్యన ఒక కాగితం దీపం వేలాడుతుంది. తెల్లగా, గుండ్రంగా, గుమ్మడికాయంత ఉంటుంది. జపాను పద్ధతట. "లైట్ సాఫ్ట్‌గా ఉంటది అమ్మమ్మా, కళ్ళకు రిలాక్స్" అంటుంది. దాని కింద కూర్చుంటే పప్పు ఏదో పచ్చడి ఏదో నాకు తెలియదు. అయినా ఏమీ అనను. ఈ ముచ్చట మా ఇంటికి కొత్తది కాదు. నా చిన్నప్పుడే మా నాయిన తీర్చుకున్నాడు.

మా నాయిన చందానగర్ దగ్గర ఒక సాహెబు తోట బంగళాలో లెక్కలు రాసే మున్షీ. నవాబుల రాజ్యం మారిన ఏడాది ఆ సాహెబు బంగళా అమ్ముకుని వెళ్ళిపోతూ, నౌకర్లందరినీ పిలిచి తలా ఒక వస్తువు కోరుకోమన్నాడు. మాలి రాగి గంగాళం కోరుకున్నాడు. వంటమనిషి పందిరి మంచం పట్టుకుపోయాడు. కాపలావాడు తెలివైనవాడు, టేకు తలుపు గొళ్ళెంతో సహా ఊడదీసుకుపోయాడు. వీళ్ళందరికంటే ముందు కోరుకునే హక్కు మా నాయినది. ఆయన కాగితం దీపం కోరుకున్నాడు.

పన్నెండేళ్ళుగా సాయంత్రం పూట ఆ దీపం కింద సాహెబు కాళ్ళు చాపుకుని కూర్చోవడం చూశాడాయన. పెద్దరికమంటే అదేననుకున్నాడు. ఏ పనీ లేనివాడికి ఏ వెలుగైనా చాలునని ఆయనకు తట్టలేదు.

దీపాన్ని అప్పడంలా మడిచి సంచిలో పెట్టుకొచ్చాడు. పైకి లాగితే వెదురు పుల్లల చుట్లు ఒకదాని కింద ఒకటి దిగి బుట్టంత అయింది. మీద రెండు కొంగల బొమ్మలు. మా నాయనమ్మ చుట్టూ తిరిగి చూసింది.

"ఏందిర ఇది? అందరు రాగి, టేకు తెచ్చుకుంటే నువ్వు కాయితం తెచ్చినవా?"

"జపాన్‌ది అమ్మా. కండ్లకు సల్లగుంటది."

"కండ్లకు సల్లగుండాల్నంటే మూసుకుంటే సరిపాయె గద!"

నాయిన వినలేదు. దూలానికి చేతికందే ఎత్తులో వేలాడదీసి, లోపల ఇత్తడి ప్రమిదలో ఆముదం పోసి వెలిగించాడు. అప్పటిదాకా వాడిన కిరసనాయిలు కందిలి మోటుగా ఉందని కొట్టంలోకి పంపాడు. అప్పటి నుంచి మా బర్రె కందిలి వెలుగులో దర్జాగా మేత మేసేది. మేము చీకట్లో తడుముకుంటూ తినేవాళ్ళం. నేను రెండుసార్లు నీళ్ళ చెంబులో కాలు పెట్టాను. నాయిన ఒకనాడు కారప్పొడి మీదే కూర్చున్నాడు, కానీ దీపాన్ని మాత్రం ఒక్క మాట అననివ్వలేదు. దీపం పెట్టగానే దానికి దండం పెట్టుకోవడం మా ఇంటి ఆచారం. నాయనమ్మ కాగితానికి మొక్కనని చెప్పి, మూలన మిణుకుమనే ఇత్తడి బిందెకు మొక్కేది.

ఇంట్లో తడబడని మనిషి ఒక్క మా అమ్మే. చుక్క ఒలకకుండా వడ్డించేది. "సూడుండ్రి, గామెకు లేని పరేషాన్ మీకేంది?" అని నాయిన మురిసిపోయేవాడు.

ఆ రహస్యం నాకొక్కదానికే తెలుసు. అమ్మకు చూపు తగ్గిపోయింది. రెండు కళ్ళలోనూ పొర కమ్మి, వెలుగు తప్ప మనిషి ఆనవాలు తెలియకుండా అయింది. సూదిలో దారం నాతో ఎక్కించుకునేది. బియ్యంలో రాళ్ళు వేళ్ళతో తడిమి ఏరేది. ఎవరికీ చెప్పొద్దని నా నెత్తిమీద చెయ్యి పెట్టి ఒట్టు వేయించుకుంది. ఆమె భయానికి కారణం ఉంది. చూపు పోయిన ఆడదాన్ని పొయ్యి దగ్గరి నుంచి లేపి మూలన కూర్చోబెట్టడం మా ఇంటి పద్ధతి. నాయనమ్మ తన యారాలిని, అంటే తోడికోడలిని, అలాగే కూర్చోబెట్టింది. ఆమె చచ్చేదాకా ఆ మూలనే ఉంది. పొయ్యి పోతే ఇంట్లో తన మాట కూడా పోతుందని అమ్మ భయం. ఇలాంటి సమయంలో నాయిన ఇంటిల్లిపాదినీ గుడ్డివాళ్ళను చేసే దీపం తెచ్చాడు. ఆ దీపాన్ని మనసారా మెచ్చుకున్నది మా అమ్మ ఒక్కతే.

కొత్త కొలువు కోసం నాయిన ఒక సాయంత్రం గిర్దావరును భోజనానికి పిలిచాడు. భూమి శిస్తులు చూసే అధికారి, కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు. కందిలి తెస్తానని నేనంటే నాయిన కళ్ళెర్రజేశాడు. పాపం ఆ పెద్దమనిషి విస్తరి మీదికి వంగి వంగి చూశాడు.

"మున్షీగారూ, ఇది వంకాయాండి, మామిడికాయాండి?"

"తినుండ్రి సాబ్, తెలుస్తది."

ఆయన తినకుండా తెలుసుకోవాలనుకున్నాడు. చెయ్యి చాచి దీపాన్ని తనవైపు వంచాడు. ఆముదం ఒలికింది, కాగితం భగ్గుమంది. కొంగలు రెండూ ఒక్క క్షణంలో మాడిపోయాయి. గిర్దావరు వెనక్కి దూకాడు.

అప్పుడే అమ్మ, మనిషి లేని విస్తట్లో చారు పోస్తూ తలెత్తి మంట వైపు నవ్వింది.

"ఇయ్యాల దీపం జర మంచిగ వెలుగుతుంది" అంది.

నేను బిందెడు నీళ్ళు తెచ్చి కుమ్మరించాను. నాయిన దీపం వైపు చూడనే లేదు. అమ్మనే చూస్తున్నాడు. గిర్దావరు ఎప్పుడు వెళ్ళిపోయాడో కూడా ఆయనకు తెలియదు.

"ఎన్ని దినాలాయె?" అన్నాడు.

"రెండు దసరాలాయె."

నాయనమ్మ లేచింది. "గట్లయితే ఇగ పొయ్యికాడికెల్లి లెవ్వు. మూలకు కూసో."

నాయిన తల్లికి ఎదురు మాట్లాడటం నేను అదే మొదటిసారి వినడం. "అమ్మా, నా కండ్లు మంచిగనే ఉన్నయి. గంగాళం ఇడిసిపెట్టి కాయితం తెచ్చిన. రెండు దసరాల సంది పక్కనున్న మనిషిని సూడలే. మూలకు కూసోబెడితే ముందు నన్ను కూసోబెట్టు."

నాయనమ్మ గొణుక్కుంటూ కూర్చుంది. అమ్మ పొయ్యి అమ్మకే ఉండిపోయింది.

వారం తిరగకుండా అమ్మను పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. ఒక కంటి పొర తీశారు. రెండోదానికి ఆలస్యమైందన్నారు. కట్టు విప్పేదాకా కళ్ళకు శ్రమ ఇవ్వొద్దన్నారు. ఇంటికొచ్చిన సాయంత్రం నాయిన కొట్టంలోంచి కందిలి తెచ్చి, వత్తి పెద్దది చేసి, చాట ముందేసుకుని బియ్యం ఏరడానికి కూర్చున్నాడు. ఆయనకు అది రాదు. అయినా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

కళ్ళకు కట్టుతో అమ్మ పక్కనే కూర్చుని, చాటలో బియ్యం కదిలే చప్పుడు వింది.

"ఆ కాయితం దీపం ఉన్నన్ని దినాలు నాకు ఫికర్ లేకుండె" అంది. "ఇంట్ల అందరు నా లెక్కనే ఉంటిరి."

నాయిన ఏరడం అయిపోయిందని చాట ఆమె ముందుకు జరిపాడు. అమ్మ అందులో చెయ్యి పెట్టి తడిమింది. ఆయన వదిలేసిన రాయి ఒకటి తీసి, ఆయన అరచేతిలో పెట్టింది.